ఫోన్‌లో అనుకున్నది మెయిల్‌లో పెట్టు

అమ్ములూ,

ఆదివారం నువ్వు చెప్పిన సంగతి నా బుర్రలోంచి పోవడం లేదు. క్లయింట్ కాల్‌లో రిపోర్టులోంచి రెండు కాలమ్‌లు తీసేయమన్నాడు, నువ్వు తీసేశావు, వారం తిరక్కుండానే అవేవీ అని అతనే అడిగితే చూపించడానికి నీ దగ్గర ఒక్క ముక్క రాతలో లేదు. మీ మేనేజర్ నీ మాట నమ్మింది కాబట్టి సరిపోయింది. ఇన్నేళ్ళుగా పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నదాన్ని, చెప్తున్నా విను, నమ్మేవాళ్ళు అన్నిసార్లూ దొరకరు, దొరికినా రేపు వేరే కంపెనీకి వెళ్ళిపోతారు.

అందుకని ఒక్క అలవాటు చేసుకో తల్లీ. కాల్ అయిపోగానే, ఇంకో పని ముట్టుకోకముందే నాలుగు లైన్ల మెయిల్ పెట్టు. "ఇప్పుడు మాట్లాడుకున్న ప్రకారం ఫలానా రెండు కాలమ్‌లు తీసేస్తున్నాం, కొత్త కాపీ గురువారం సాయంత్రం 5 గంటలకల్లా పంపిస్తాం, ఇందులో తేడా ఏమైనా ఉంటే రేపటిలోగా చెప్పండి." అంతే. అనుమానంతో చేస్తున్నట్టు ఉంటుందేమో అని మొహమాటపడకు, అవతలివాళ్ళకీ రోజంతా కాల్సే, నిజంగానే మర్చిపోతారు. మా దగ్గర వెండర్లు ఫోన్‌లో రేటు తగ్గిస్తామంటారు, తీరా ఇన్‌వాయిస్ పాత రేటుతోనే వస్తుంది. ఫోన్‌లో అన్నారండీ అంటే అకౌంట్స్ వాళ్ళు బిల్లు ఆపరు, మెయిల్ చూపిస్తే ఆపుతారు.

మెయిల్‌కి ఎంత బలం ఉందో నీకు తెలియాలి. ట్రైమెక్స్ అనే దుబాయ్ కంపెనీకీ వేదాంత అల్యూమినియంకీ మధ్య 2007లో బాక్సైట్ బేరం మెయిళ్ళ మీదే కుదిరింది. సంతకాలు పెట్టిన ఒప్పందం లేదు కాబట్టి బేరం కుదరనట్టేనని వేదాంత వాదించింది. 2010లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, ముఖ్యమైన షరతులన్నీ మెయిళ్ళలో ఒప్పుకున్నాక ఒప్పందం ఉన్నట్టేనంది. మన ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టంలో 10ఏ సెక్షన్ కూడా, ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనడానికి లేదంటుంది. అంటే నిన్ను కాపాడే మెయిలే నిన్ను ఇరికించగలదు కూడా. "ఓకే, కన్ఫర్మ్" అని కొట్టేముందు ఆలోచించు, చూసి చెప్పాలనుకుంటే చూసి చెప్తాననే రాయి.

ఇక రాసే పద్ధతి. ఆ కాల్‌లో లేని మనిషి ఆరు నెలల తర్వాత తెరిచినా అర్థమయ్యేలా ఉండాలి, నేను చూసుకునేది అదొక్కటే. సబ్జెక్ట్‌లో "అప్‌డేట్" అని వదిలేస్తే తర్వాత వెతికినా దొరకదు, ప్రాజెక్టు పేరు, విషయం రెండూ ఉండాలి. అవతలివాళ్ళు ఏం చేయాలో మొదటి రెండు లైన్లలోనే చెప్పు. "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" చదివి ఎవరూ కదలరు. ఎవరు, ఏది, ఎప్పటిలోగా అనేది ఉంటేనే పని జరుగుతుంది. మీ టీమ్‌లో సగంమంది డల్లాస్‌లో ఉన్నారు కదా, "ఈవోడీ" (ఎండ్ ఆఫ్ డే, ఈ రోజు పని ముగిసేలోగా) అంటే ఎవరి సాయంత్రం? నీకు రాత్రయ్యేసరికి వాళ్ళకింకా పొద్దున్నే, కాబట్టి ఇండియా టైమ్ ఇన్ని గంటలకు అని రాసెయ్. ఫైల్‌కి "ఫైనల్ న్యూ" అని కాకుండా తేదీతో పేరు పెట్టు.

వాట్సాప్ వాడొద్దని కాదు. గేటు దగ్గరున్నా, మీటింగ్ పదిహేను నిమిషాలు లేటు, ఇలాంటివాటికి అదే మంచిది. కానీ రేటు, గడువు, మార్పు ఈ మూడూ అక్కడ తేలినా సరే మెయిల్‌లోకి ఎక్కించు, ఎందుకంటే పంపినవాళ్ళు ఆ మెసేజ్ డిలీట్ చేసేయొచ్చు, బ్యాకప్ లేకుండా నీ ఫోన్ పోతే అసలే ఉండదు. డ్రాయింగ్ లాంటివి ఫోటోగా పంపితే అంకెలు చెదిరిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపు.

రిప్లై ఆల్ నొక్కేముందు పేర్లన్నీ ఒకసారి చదువు. 2016లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఎవరో పంపిన టెస్ట్ మెయిల్ 8 లక్షల మందికి పైగా వెళ్ళింది, నాకెందుకు పంపారు, నా పేరు తీసెయ్యండి అంటూ వాళ్ళు అందరికీ జవాబులివ్వడంతో మెయిల్ వ్యవస్థంతా నెమ్మదించిపోయింది. కోపంగా ఉన్నప్పుడైతే అసలు రాయొద్దు, ఫోన్ చెయ్యి. జీమెయిల్‌లో పంపింది వెనక్కి తీసుకోవడానికి ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లే, కోపం అంతలో దిగదు.

ఆ క్లయింట్ మెయిళ్ళు నాకు ఫార్వర్డ్ చేస్తానన్నావు, చెయ్యొద్దు. ఆఫీసు మెయిల్ బయటివాళ్ళకు పంపకూడదు, ఆ బయటివాళ్ళలో నేనూ ఉన్నాను. ఏదైనా సందేహముంటే పేర్లు చెప్పకుండా ఫోన్‌లో అడుగు, రాత్రి తొమ్మిది దాటాక ఎప్పుడు చేసినా ఎత్తుతాను. ఆ రెండు కాలమ్‌ల గురించి మాత్రం రేపు పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే అతనికి మెయిల్ పెట్టెయ్, మీ మేనేజర్‌ని సీసీలో ఉంచు.

అమ్మ