ఎవరూ పోకముందే అడగవలసిన ధర

సంపాదకులకు నమస్కారం.

గత ఏడాది మా అన్నయ్య కాలం చేశాడు. ఈ ఉత్తరం ఆయన అంత్యక్రియలకు అయిన ఖర్చు గురించి. ఇంట్లో మనిషి పోయినప్పుడు డబ్బు మాట ఎత్తడం తప్పని చిన్నప్పటి నుంచి విన్నాను. నిన్న మొన్నటిదాకా నేనూ అలాగే నోరు మూసుకున్నాను. ఆ మౌనం వల్ల ఎవరికి మేలు జరుగుతున్నదో, ఎవరు అప్పుల పాలవుతున్నారో దగ్గర నుంచి చూశాక ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బంధువులంతా వెళ్లిపోయాక ఒక సాయంత్రం మా వదిన ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో పదిహేడు చీటీలు ఉన్నాయి. తొమ్మిదింటి మీద తారీకు లేదు. నాలుగింటి మీద ‘మొత్తం’ అని రాసి, దాని ఎదురుగా ఒక అంకె, కింద ఒక గీత. దేనికి మొత్తమో లేదు. ఒకటి అన్నయ్య మందుల చీటీ వెనకవైపే రాసి ఉంది. ముందువైపు ఆయన రాత్రిపూట వేసుకోవలసిన మాత్రల పేర్లు, వెనక ఆయన్ను తీసుకువెళ్లిన బండి కిరాయి. ఆ కాగితాన్ని చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను.

వదిన ఒకటే అడిగింది. “ఎక్కువ పెట్టామా, తక్కువ చేశామా?”

ఖర్చు ఎక్కువైందన్నది ఆమె దిగులు కాదని నాకు వెంటనే అర్థమైంది. ఆయనకు ఏదైనా లోటు చేశామేమో అన్న భయం అది. జీవితమంతా ఇతరుల లెక్కలు సరిచూసిన నేను సొంత వదినకు జవాబు చెప్పలేకపోయాను. ఎక్కువో తక్కువో తేలాలంటే మామూలు ధర ఎంతో తెలియాలి. అది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చుట్టుపక్కల పది ఇళ్లలో అడిగాను, అక్కడా తెలియదు. అందరూ ఏదో ఒకనాడు ఆ ఖర్చు పెట్టినవారే.

అన్నయ్య కొడుకును, అంటే మా మేనల్లుడిని కూర్చోబెట్టి, ఆ రోజు ఏం జరిగిందో వరుసగా చెప్పమన్నాను. ఆసుపత్రి బయట ఒకతను వచ్చి, అన్నీ తామే చూసుకుంటామని ధైర్యం చెప్పాడట. వీడికి అది దేవుడు పంపిన మాటలా వినిపించింది. బండి మొదలు చివరి వరకూ ప్రతిచోటా అతను ఒకే ప్రశ్న వేశాడు. “నాన్నగారికి మంచిది పెట్టమంటారా, మామూలుది సరిపోతుందా?” మేనల్లుడు ప్రతిసారీ “మంచిది” అన్నాడు. మంచిదానికీ మామూలుదానికీ తేడా ఏమిటని అడగలేదు. అడిగే స్థితిలో లేడు. తండ్రి దేహం పక్కన నిలబడి ‘మామూలుది చాలు’ అనగలిగిన కొడుకు ఎక్కడ ఉంటాడు? ఆ ప్రశ్నను అలా అడగడంలోనే సగం బేరం అయిపోయింది.

మిగతా ఏ కొనుగోలుకూ ఇలాంటి పరిస్థితి ఉండదు. ఒక కుర్చీ కొనాలన్నా నాలుగు దుకాణాలు తిరుగుతాం, నచ్చకపోతే వెనక్కి వస్తాం. ఇక్కడ గంటల్లో అన్నీ తేలిపోవాలి, ఎందుకంటే దేహం ఆగదు. చల్లదనంలో ఉంచితే ఆగుతుంది, కానీ దానికీ గంటలెక్కనో రోజులెక్కనో కిరాయి ఉంటుంది. కొనేవారు జన్మలో ఒకటి రెండుసార్లు మాత్రమే కొంటారు కనుక అనుభవం పనికిరాదు. పైగా అమ్మేవారికి అన్నీ తెలుసు, కొనేవారికి ఏమీ తెలియదు.

అందుకని ఎవరూ పోని సమయంలో ధరలు అడిగి రాసుకుందామని బయలుదేరాను. నోటుపుస్తకంలో పద్నాలుగు గడులు గీశాను. మొదటిచోట కూర్చున్నాయన నన్ను చూడగానే లేచి నిలబడి, గొంతు తగ్గించి, “ఎవరు పోయారమ్మా?” అన్నాడు. ఎవరూ పోలేదన్నాను. ముందుగా తెలుసుకుందామని వచ్చానన్నాను. ఆయన తెరిచిన పుస్తకం మూసేశాడు. “అలాంటిది ఏదైనా జరిగినప్పుడు రండమ్మా, మేం చూసుకుంటాం” అన్నాడు. రెండోచోటా అదే మాట. మూడోచోట ఒక అంకె చెప్పారు కానీ, అందులో ఏమేమి ఉన్నాయంటే “అన్నీ కలిపే” అన్నారు. ఆ ‘అన్నీ కలిపి’ అన్న మాటకే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది. మేనల్లుడికి కూడా మొదట అలాగే చెప్పారు. తరువాత గొయ్యి తవ్వినవారికి వేరు, దింపినవారికి వేరు, మరణ ధ్రువపత్రం కాగితాలు తిప్పినవారికి వేరు ఇవ్వవలసి వచ్చింది.

విప్పి చెప్పిన మనిషి ఒక్కరే. గోతులు తవ్వే పెద్దాయన. చేయి తుడుచుకుని నా పక్కన అరుగు మీద కూర్చుని, ఒక్కొక్కటే వివరించాడు. నేల ఎండి బిగుసుకుపోయిన రోజుల్లో ఒక్కడివల్ల కాదు, గడ్డపార పట్టడానికి ఇంకో మనిషి కావాలి. వాన రోజుల్లో పక్కలు విరిగి లోపల పడతాయి, ఊరిన నీళ్లు తోడాలి, అయినా దేహం వచ్చే వేళకు గొయ్యి సిద్ధంగా ఉండాలి. రాత్రి కబురు వస్తే రాత్రే తవ్వాలి. తన చేతికి ఎంత వస్తుందో కూడా దాచకుండా చెప్పాడు. మేనల్లుడి చీటీలో గొయ్యి పేరున రాసిన అంకెలో అది మూడోవంతు కూడా లేదు. ఈ ఉత్తరం చదివి ఆ పెద్దాయన కూలి తగ్గించాలని ఎవరైనా అనుకుంటే నా మనసు చాలా కష్టపడుతుంది. ఆయనకు ఇంకా ఎక్కువ రావాలి. ధరలు విడివిడిగా, పదిమందికీ కనబడేలా రాసి ఉంటే ఆయన వాటా ఆయనకు నేరుగా అందుతుంది.

ఆయన మాటలతోనే ఇంకో సంగతి తెలిసింది. ఆ రోజు పెట్టే ఖర్చుతో కథ ముగియదు. ఖననమైతే స్థలం ఉంది. అది శాశ్వతమా, కొన్నేళ్లకేనా అని ముందే అడగాలి. సింగపూర్‌లో 1998 నుంచి సమాధికి గడువు 15 ఏళ్లే, ఆ తరువాత అవశేషాలను తీసి స్థలం ఖాళీ చేస్తారు. భూమి తక్కువగా ఉన్న చాలాచోట్ల ఇలాంటి గడువులు ఉన్నాయి. గడువు పెంచుకోవడానికి వీలున్నచోట దానికి మళ్లీ రుసుము. సమాధి మీద రాయి, దాని మీద పేరు చెక్కే కూలి, ఏటా బాగుచేయించడం, ఇవేవీ మొదటిరోజు చెప్పే ధరలో కనబడవు. దహనమైతే స్థలం ఖర్చు తప్పుతుంది, ఇంధనం వస్తుంది. కట్టెలా, గ్యాసా, విద్యుత్తా అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. దహనం చవక, ఖననం ఖరీదు అని అందరూ తేలిగ్గా అనేస్తారు. చీటీలన్నీ ముందు పరుచుకుని చూస్తే అంత తేలిగ్గా చెప్పగలిగిన విషయం కాదు. మా ఇంట్లో అసలు క్రియకు అయినదానికంటే వాహనాలకు, వచ్చినవారి వసతికి, అద్దె సామానుకు అయినదే ఎక్కువ.

ఇది మార్చడానికి వీల్లేని విషయమని కొందరు నాతో అన్నారు. మార్చినవారు ఉన్నారు. అమెరికాలో 1984 నుంచి ఒక నిబంధన అమల్లో ఉంది. దాని ప్రకారం అంత్యక్రియలు జరిపే సంస్థ ఫోనులో అడిగినా ధర చెప్పాలి. నేరుగా వెళ్లి అడిగితే ఒక్కో పనికి ఒక్కో ధర రాసిన పట్టిక చేతికివ్వాలి, దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. శవపేటిక బయట కొని తెచ్చామంటే కాదనకూడదు, దానికి అదనపు రుసుము వేయకూడదు. బ్రిటన్‌లో 2021 నుంచి సంస్థలన్నీ ఒకే నమూనాలో ధరల పట్టికను తమ కార్యాలయంలోనూ వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. నమూనా ఒకటే కావడం ముఖ్యం. ఒకరు బండిని కలిపి, ఇంకొకరు కలపకుండా చెబితే రెండు అంకెలను పోల్చడం నా వంటి లెక్కల మనిషికి కూడా సాధ్యం కాదు. స్వీడన్‌లోనైతే ఆదాయం ఉన్నవారంతా బతికుండగానే పన్నుతోపాటు అంత్యక్రియల రుసుము కడతారు. ఖననమో దహనమో జరిపించడం, 25 ఏళ్ల వరకూ సమాధి స్థలం అందులోనే వస్తాయి. అక్కడి కొడుకు ఆ గంటలో స్థలం కోసం బేరమాడనక్కరలేదు.

అంత దూరం పోకపోయినా, చుట్టుపక్కల నలుగురు కలిసి చేసుకోగలిగిన ఏర్పాట్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. రోమ్ దగ్గర లానువియం అనే పట్టణంలో క్రీ.శ. 136 నాటి శాసనం ఒకటి దొరికింది. సామాన్యులూ బానిసలూ కలిసి పెట్టుకున్న అంత్యక్రియల సంఘం నియమాలు అందులో ఉన్నాయి. నెలనెలా ఎంత కట్టాలి, పోయినవారికి సంఘం ఎంత ఇస్తుంది, అందులో ఎంత భాగం చితి దగ్గర పంచాలి, అంతా అంకెలతో సహా రాయి మీద చెక్కారు. బానిస అయిన సభ్యుడు చనిపోతే, యజమాని దేహాన్ని ఇవ్వడానికి నిరాకరిస్తే, అతని ప్రతిమకైనా అంత్యక్రియలు జరపాలని కూడా రాసుకున్నారు. అది చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఇథియోపియాలో ఇద్దిర్ అనే సంఘాలు ఈనాటికీ ఉన్నాయి. ఇరుగుపొరుగువారు నెలకింత వేసుకుంటారు. గుడారం, కుర్చీలు, పాత్రలు సంఘానివే ఉంటాయి. ఎవరింట్లో మనిషి పోయినా ఆ సామాను అక్కడికి వస్తుంది, మనుషులూ వస్తారు. మా చీటీల్లో పెద్ద అంకె అద్దె సామానుదే కనుక ఈ సంగతి నాకు బాగా పట్టింది.

నేను కోరేది చిన్నది. ప్రతి శ్మశానవాటిక గేటు దగ్గర, అందరికీ కనబడే ఎత్తులో, విడివిడి ధరలతో ఒక బోర్డు ఉండాలి. తప్పనిసరి ఖర్చులు ఒక వైపు, కుటుంబం ఇష్టపడితేనే అయ్యేవి ఇంకో వైపు. డబ్బు లేనివారికి ఏ సాయం ఉందో, ఎవరిని కలవాలో కూడా అక్కడే రాయాలి. రసీదు ఇవ్వాలి, దాని మీద పని పేరు ఉండాలి. ఆ బోర్డులు వచ్చేదాకా, మీ పత్రిక ఏడాదికి ఒకసారైనా ఆ ధరలు సేకరించి అచ్చు వేయాలని వేడుకుంటున్నాను. బంగారం ధర రోజూ వేస్తున్నారు. అది కొనకుండా బతుకంతా గడిపినవారు ఉన్నారు.

మా వదినకు చివరికి జవాబు చెప్పాను. నోటుపుస్తకం నిండినంతవరకూ చూపించి, తక్కువ చేయలేదు వదినా, ఏ ఒక్కదానికీ తక్కువ చేయలేదు అన్నాను. ఆమె ఆ చీటీలు మళ్లీ లెక్కపెట్టలేదు. మందుల చీటీ ఒక్కటి తీసి దాచుకుంది.

నా విషయంలో ఏం చేయాలో, ఎంతవరకు చేయాలో, ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి బీరువాలో ఉంచాను. “మామూలుది చాలు” అని నా చేత్తోనే రాశాను, ఆ మాట మా పిల్లలు అనవలసిన అవసరం లేకుండా. వాళ్లకు చదివి వినిపిస్తే మొదట కోపగించుకున్నారు. మా అమ్మాయి లేచి వెళ్లిపోయింది. రెండు రోజుల తరువాత తనే వచ్చి, ఆ కాగితం ఏ అరలో ఉందని అడిగింది.

నేను గీసిన పట్టిక నకలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పద్నాలుగు గడుల్లో అయిదు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. తెలిసిన పాఠకులు ఎవరైనా నింపగలిగితే, పత్రిక ద్వారా పంపమని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు