ఊరికే డబ్బు ఎవరిస్తారమ్మా అన్నావు కదా నాన్నా

ఆన్ ఆర్బర్, మిషిగన్
ఏప్రిల్ 12

నాన్నా,

నువ్వూ అమ్మా చెల్లీ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఏప్రిల్ సగానికి వచ్చినా ఇక్కడ నిన్న మళ్ళీ మంచు పడింది. నేను బాగున్నాను.

బార్బర్ స్కాలర్‌షిప్ వచ్చిందని ఫోనులో చెప్పగానే అమ్మ ఏడ్చేసింది. నువ్వు మాత్రం కాసేపు ఆగి, "ఊరికే డబ్బు ఎవరిస్తారమ్మా? ఏ కాగితం మీద సంతకం పెట్టావు?" అన్నావు. నీ ప్రశ్న న్యాయమైనదే. పాసుపుస్తకం తాకట్టు లేకుండా నీ చేతికి ఎప్పుడూ రూపాయి రాలేదు. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ఇన్నాళ్ళూ డిగ్రీ పిల్లలకు ల్యాబు పాఠాలు చెప్పినందుకు నాకు ఫీజు లేకుండా చేసి, నెలనెలా జీతం ఇచ్చారు. వచ్చే విద్యా సంవత్సరం ఆ పాఠాలు ఉండవు. ఫీజు, ఆరోగ్య బీమా, నెల ఖర్చు మొత్తం ఈ స్కాలర్‌షిప్పే చూసుకుంటుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా నా పరిశోధనలోని గడ్డిమొక్కల దగ్గరే ఉండవచ్చు. దీనికి ఎవరికి వాళ్ళు దరఖాస్తు పెట్టుకోవటం ఉండదు, విభాగమే పేరు పంపాలి. మా విభాగం నా పేరు పంపింది.

ఈ డబ్బు లీవై బార్బర్ అనే న్యాయవాదిది. డెట్రాయిట్ ఆయన, నేను చదివే ఈ మిషిగన్ విశ్వవిద్యాలయం పాలకమండలిలో ఉండేవాడు. ఆసియా దేశాలు తిరుగుతూ, ఇక్కడే వైద్యం చదివి వెళ్ళి తమ దేశంలో జనానికి వైద్యం చేస్తున్న స్త్రీలను చూశాడు. అలాంటి వాళ్ళలో ఇద్దరు చైనా అమ్మాయిలు 1896లోనే ఇక్కడ వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఇంకెంతమంది రాగలరో అనుకుని, 1914లో ఆసియా స్త్రీల కోసం ఈ నిధి పెట్టాడు. ఆయన కోరిందల్లా ఒక్కటే: ఇక్కడ మంచిదని తోచింది నేర్చుకుని, తమ వాళ్ళ దగ్గరికి పట్టుకెళ్ళాలని.

అలా పట్టుకెళ్ళిన ఒకామె గురించి నీకు తప్పకుండా చెప్పాలి. ఆమె పేరు జానకి అమ్మాళ్. 1897లో తలశ్శేరిలో పుట్టింది, మద్రాసులో వృక్షశాస్త్రం చదివింది, అక్కడే పాఠాలు చెప్పింది. ఈ స్కాలర్‌షిప్ మీదే ఇక్కడికి వచ్చి, 1931లో డాక్టరేటు అందుకుంది. ఆమె ఉన్న ఆడపిల్లల వసతి గృహం ఇప్పటికీ ఉంది, మార్తా కుక్ భవనం అంటారు. నేను రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్తాను.

తిరిగి వెళ్ళాక 1934 నుంచి కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో పనిచేసింది. లావు చెరకుకు రెల్లును కలిపి గట్టి రకాలు తీయటం అక్కడ ఆమెకు ముందే మొదలైంది. ఆమె ఆ మొక్కల కణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, క్రోమోజోములు లెక్కపెట్టింది. చెరకును మొక్కజొన్నతో కూడా సంకరం చేసింది. నాన్నా, శారదా నది ఒడ్డున మనం పనికిరాని గడ్డి అనుకునే రెల్లే అది! మన చేలో చెరకు పుట్టుకలో ఆ గడ్డి ఉందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. అనకాపల్లి సంతకు నువ్వు బండి మీద వేసుకెళ్ళే బెల్లం దిమ్మలే కళ్ళ ముందు కదిలాయి.

సంతకం మాటకు వస్తాను. స్కాలర్‌షిప్ పుచ్చుకుంటున్నానని ఒక అంగీకార పత్రం మీద పెట్టాను, అంతే. అందులో వడ్డీ లేదు, తాకట్టు లేదు, జామీను లేదు. బార్బర్ గారు కోరింది మాత్రం నా మనసులో రాసుకున్నాను.

ఇక చెల్లి సంగతి. విశాఖలో కన్సల్టెన్సీ వాళ్ళు ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులు ఉండవని, నలభై లక్షల అప్పు తప్పదని చెప్పారట. నాకూ ఒకప్పుడు అలాగే చెప్పారు. ఆ మాట నమ్మి రోడ్డు పక్క రెండెకరాలు బ్యాంకులో పెట్టవద్దు, నీకు దండం పెడతాను. ఎమ్మెస్‌కు సాయం దొరకటం కష్టమే, ఆ మాట నిజం. కానీ చెల్లిది నాలుగేళ్ళ అగ్రికల్చర్ డిగ్రీ, నేరుగా పీహెచ్‌డీకి పెట్టవచ్చు. మంచి విభాగాలు పీహెచ్‌డీలో చేర్చుకుంటే ఫీజు భరించి జీతం ఇస్తాయి. చాలాచోట్ల జీఆర్ఈ ప్రవేశ పరీక్ష అడగటం మానేశారు. దరఖాస్తు రుసుము కట్టలేమని ముందే రాస్తే కొన్ని విభాగాలు మాఫీ చేస్తాయి. బయటి దేశాల స్త్రీలకు 1917 నుంచి సాయం చేస్తూ వచ్చిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ యూనివర్సిటీ విమెన్ లాంటి సంఘాలూ ఉన్నాయి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ స్కాలర్‌షిప్‌కు మూడేళ్ళ ఉద్యోగానుభవం కావాలి, అది తర్వాత చూసుకోవచ్చు. దరఖాస్తులకు గడువు ఎక్కువగా డిసెంబరులోనే ఉంటుంది. ఈ వేసవి నుంచే తను ఎవరి పరిశోధన చదవాలో, ఆచార్యులకు ఎలా రాయాలో ప్రతి ఆదివారం కూర్చోబెట్టి చెబుతాను. తన ఉత్తరాలు తనే రాయాలి, నేను దిద్దుతాను.

ఈ ఏడు చెరకు కోసిన మోళ్ళు కార్శికి ఎంత ఉంచావు, కొత్తగా మొక్కతోట ఎంత వేస్తున్నావు? ఈసారి ఫోను చేసినప్పుడు చెప్పు. వీలైతే నది ఒడ్డున రెల్లు ఫొటో తీసి పంపమని చెల్లికి చెప్పు, పూత వచ్చాక మరొకటి.

నీ
పెద్దమ్మాయి