తోడు పద్దు

కర్నూలు,
ఆదివారం రాత్రి

ఏమే,

నీ ఉత్తరం వచ్చి పది దినాలు దాటింది. రాయడానికి కూచున్నప్పుడల్లా ఏదో ఒక ఫోను. ఈ పొద్దు బువ్వ తినేసి, ఫోను మూసిపెట్టి కూచున్నా. మన రాజవిహార్ కాడ ఉగ్గాని, బజ్జీ తిని ఎన్నాళ్లయిందో అని రాసినావే, వచ్చే ఎండాకాలం రా, ఇద్దరం పోదాం.

విన్నిపెగ్‌లో మే 5న చెట్ల కొమ్మలకు ఎర్ర గౌన్లు వేలాడదీసినారనీ, గాలికి అవి ఊగుతుంటే లోపల మనిషి లేదన్న సంగతి గుండెకు తగిలిందనీ రాసినావు. ఆ ముక్క రెండు మార్లు చదివినా. కనబడకుండా పోయిన, హత్యకు గురైన ఆదివాసీ ఆడవాళ్ల గురించి ఆ కెనడా దేశం జాతీయ విచారణ వేసి, 2019 జూన్‌లో నివేదిక ఇచ్చి, న్యాయం కోసం 231 పిలుపులు రాసిందంటే, దాని వెనక ఎన్నేళ్లు ఆ తల్లులు, చెల్లెళ్లు ఫోటోలు పట్టుకుని తిరిగింటారో. మన దిక్కు ఆ తిరగడమే ఇంకా సాగుతుండాది. వాకపల్లి గుర్తుంది గదా. 2007లో 11 మంది కొందు ఆదివాసీ ఆడవాళ్లు తమ మీద పోలీసులు అత్యాచారం చేసినారని చెప్పినారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులను వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అధికారులను తప్పుబట్టి, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇయ్యమనింది. నేరం ఎంత పెద్దదైనా, మొదటి దినాల్లో కాగితం మీద ఏం పడింది, ఏం పడలేదు అన్నదాని మీదనే తర్వాతి 16 ఏళ్లు నడిచినాయి.

నువ్వు చేసే పని నిజంగా ఏందే అని అడిగినావు. అదే చెప్తా.

మా సంస్థ వాళ్లం తిరిగేది ఆత్మకూరు దిక్కు నల్లమల చెంచు గూడేలు. 2022లో అది నంద్యాల జిల్లాలోకి పోయింది కానీ మాకు దారి మాత్రం అదే, నందికొట్కూరు మీదుగా బస్సు. ప్రాజెక్టు మొదలైనప్పుడు బడ్జెట్‌లో ఏమేం పద్దులున్నాయో తెలుసా? శిక్షణలు, కరపత్రాలు, మీటింగులకు భోజనాలు, జీపు డీజిలు. మూణ్ణెల్లకోసారి ఎంతమంది ఆడవాళ్లకు చట్టాల గురించి చెప్పినారో అంకె పంపాల. ఆ అంకెలు నేనే కూడి పంపినా. ఆ పని తప్పు అనను, చట్టం పేరైనా వినకపోతే ఎట్లా అడుగుతారు? కానీ ఒక రోజు ఒకామె వచ్చింది, ఆ రోజు నుంచి నా లెక్క మారిపోయింది.

ఆమె పేరు, గూడెం నీక్కూడా రాయను. మిరప కోతకు పిలుచుకపోయిన మేస్త్రీ కూలి ఎగ్గొట్టినాడు. అడిగితే నలుగురిలో కులం పేరు పెట్టి తిట్టి, జుట్టు పట్టి ఈడ్చినాడు. స్టేషన్ ఏదో చెప్పను, అక్కడ ముందు రాజీ చేసుకోమన్నారు. తర్వాత కులం సర్టిఫికెట్ తెమ్మన్నారు. మూడు మార్లు తిరిగినాక మా ఆఫీసుకొచ్చింది. కాగితాలేమైనా ఉన్నాయా అంటే నడుముకు చెక్కిన పాలిథిన్ కవరు తీసి, నేల మీద ఒక్కొక్కటే పరిచింది. ఆధార్, రేషన్ కార్డు, అటవీ హక్కుల పట్టా. ఆ చట్టం ప్రకారం పట్టా మొగుడూ పెండ్లాం ఇద్దరి పేర్ల మీదా ఇయ్యాల కాబట్టి ఆమె పేరు కూడా దాంట్లో ఉండాది. ఆమెకు చదువు రాదు. అయినా పట్టాలో తన పేరున్న చోటు కరెక్టుగా వేలు పెట్టి చూపించింది. "ఇది నేను," అనింది.

మరుసటి దినం ఇద్దరం కలిసి పోయినాం. రైటరు రాసుకున్నాడు, ఆమె చెప్తూనే ఉండాది. అయిపోయినాక వేలిముద్ర వెయ్యమని ఇంకు ప్యాడ్ ముందుకు జరిపినాడు. నేను చదివి వినిపించమని అడిగినా. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం, అదే 1989ది, నోటితో చెప్పింది రాసుకున్నాక సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలనే చెప్తుంది. ఆయన విసుక్కుంటూనే చదివినాడు. జుట్టు పట్టి ఈడ్చిన మాట యాడా లేదు. "కూలి విషయంలో మాటా మాటా పెరిగింది" అని ఉండాది. కులం పేరు పెట్టి తిట్టింది అసలే లేదు.

ఆమె కళ్లు చిన్నవి చేసుకుని వినింది. "నేను చెప్పింది ఇది కాదు సార్, నేను జుట్టు గురించి చెప్పినా," అనింది. గొంతు పెంచలేదు. ఇంకు ప్యాడ్ మీదికి పోయిన చెయ్యి మాత్రం ఎనక్కి తీసుకుంది. ఆ చెయ్యి ఎనక్కి పోవడం నా కళ్ల ముందు నుంచి పోదే. మళ్లీ రాసేసరికి సాయంత్రం అయిదయింది. కేసు కట్టినారు. కట్టే ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018లోనే చట్టంలో చేర్చినారు, డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేసి 60 దినాల్లో ముగించాల. ఇవన్నీ నేను శిక్షణల్లో వందసార్లు చెప్పిన మాటలే. ఆ పొద్దు పక్కన ఇంకో మనిషి కూచోకపోయింటే ఒక్కటీ పనికొచ్చేది కాదు.

అహోబిలం నరసింహస్వామి చెంచులింటి అల్లుడని సీమంతా చెప్పుకుంటుంది గదా. కనుమ నుంచి పార్వేటకు ఊరూరా ఆయన్ను మోసుకు తిరుగుతాం. ఆ ఇంటి ఆడబిడ్డ స్టేషన్ మెట్లెక్కితే కూచోమ్మా అనేవాళ్లు లేరు. తలుచుకుంటే కడుపు మండుతుందే.

ఆఫీసుకొచ్చి నిబంధనలు తీసి కూచున్నా. ఆ చట్టం కింద 1995లో వచ్చిన రూల్స్‌లో 11వది నేను ఎన్నోసార్లు చదివి దాటేసినదే. బాధితురాలికి, సాక్షులకు దర్యాప్తుకు, కోర్టుకు వచ్చిపోయే చార్జీలు ఇయ్యాల. ఆడమనిషైతే తనకు నచ్చిన ఇంకొకరిని తోడు తెచ్చుకోవచ్చు, ఆ తోడు మనిషికి కూడా చార్జీలు, ఖర్చులు ఇయ్యాల. "తనకు నచ్చిన" అన్న మాట చూసినావా? ఆడమనిషి ఒంటరిగా పోలేదని ఆ రూలు రాసినోళ్లకు తెలిసింది. మా బడ్జెట్ రాసినోళ్లకు తెలియలేదు. రాసినోళ్లలో నేనూ ఒకదాన్ని.

నిధులిచ్చే వాళ్లకు మెయిలు పెట్టినా. కరపత్రాల డబ్బు సగం తగ్గించి, "తోడు" అని కొత్త పద్దు వెయ్యమని. సర్కారు డబ్బు చేతికొచ్చే దాకా ముందు మేం పెడతాం, తోడు పోయినోళ్లకు ఆ పూట కూలి కూడా ఇస్తాం అన్నా. ఇప్ప పువ్వు ఏరే దినాల్లో ఒక పూట పోతే ఆ ఇంటికి ఎంత నష్టమో వాళ్లకు వివరంగా రాసినా. రెండు నెలలు వాదన. దీన్ని ఏ అంకెతో కొలుస్తారు అని అడిగినారు. ఎన్ని వేలిముద్రలు చదివి వినిపించినాక పడినాయో లెక్కపెట్టండి అన్నా. ఒప్పుకున్నారు. ఫోటోలు మాత్రం ఇంకా అడుగుతుండారు, ఆమె మొహం కనబడకుండా చేతులైనా పంపమని. పంపను. గూడెంలో గాజులు చూస్తే ఎవరివో చెప్పేస్తారు.

నువ్వు ఒక పని చేసిపెట్టాల. అక్కడ కోర్టుకు పోయే కుటుంబాలకు తోడు ఎవరు పోతారు, ఆ ఖర్చు ఎవరు పెడతారు, కనుక్కుని రాయి. ఆ ఎర్ర గౌన్లు కట్టినోళ్లనే అడుగు, వాళ్లకే బాగా తెలిసింటుంది.

రేపు ఆమెది కోర్టులో వాయిదా. తోడు ఎవరు కావాలి, నేను వచ్చేదా అంటే వద్దనింది. "మా అత్త వస్తుందక్కా," అనింది. ఆ ముసలామె ఇంతవరకు కర్నూలు మొహం చూడలేదంట. మొదటి బస్సుకే ఎక్కుతామన్నారు. దిగేటప్పటికి నేను బస్టాండులో ఉండాల, వాళ్లకు ఇంత టిఫిన్ పెట్టించి కోర్టు గేటు దాకా దిగబెట్టాల. పండుకుంటా ఇంక.

నీ
నేను