2025 వార్షిక నివేదిక: ఈ ఏడంతా కుక్కల పంచాయితీయే

సభ్యులందరికీ నమస్కారం.

2025 జనవరి నుంచి డిసెంబరు దాకా మన కాలనీ సంక్షేమ సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ప్రతి ఏడూ సైడు కాలువలతో మొదలుపెట్టి, వీధి దీపాల మీదుగా వచ్చి, సంక్రాంతి ముగ్గుల పోటీ దగ్గర ముగించేవాణ్ణి. ఈసారి అలా కుదరలేదు. తొమ్మిది సమావేశాలు పెట్టుకుంటే ఆరింటిలో కుక్కల మాటే నడిచింది. అందుకని మిగతావి ముందే చెప్పేస్తాను. రెండో వీధి కాలువ పూడిక తీయించాం. అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు, డిసెంబరు మొదట్లో దిత్వా తుపాను వానలకు ఆ వీధిలో నీళ్లు నిలవలేదు, అయిదో వీధిలో మాత్రం నిలిచాయి. పార్కు మోటారు రెండుసార్లు కాలింది. చందాల బాకీ జాబితా నోటీసు బోర్డులో ఉంది, ఎవరి పేరు వాళ్లు చూసుకోండి.

ఇక అసలు సంగతి.

జూన్‌లో, బళ్లు తెరిచిన వారం, మన ఇస్త్రీ బండి ఆమె కొడుకుని మూడో వీధిలో రాట్‌వీలర్ జాతి కుక్క కరిచింది. తొమ్మిదో తరగతి పిల్లవాడు. సాయంత్రం పూట బట్టల మూట ఇచ్చి రమ్మని వాళ్లమ్మ పంపింది. ఆ ఇంటి గేటు గడియ ఎప్పుడో ఊడితే కరెంటు వైరు ముక్కతో కట్టి ఉంచారు. పిల్లవాడు గేటు మీద చెయ్యి వేసి పిలిచేసరికి వైరు జారింది, కుక్క బయటికొచ్చింది. ఎదురింటి వరండాలో కూర్చున్న పెద్దాయన చెప్పిన మాట నేను మర్చిపోలేను. ఆ అబ్బాయి రెండు చేతులూ పైకెత్తి మూటను నెత్తి మీద పెట్టుకున్నాడట. ఇస్త్రీ చొక్కాలు మట్టిలో పడకూడదని. కాలు కాపాడుకోవాలనే ధ్యాసే లేదు. పిక్క పట్టేసింది.

కుక్క యజమాని మన సభ్యుడే, పేరు రాయను. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలున్నాయి ఆయనకు. మోటార్లు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు దొంగలెత్తుకుపోతున్నారని కాపలాకి ఆ కుక్కను పెంచారు. మేలో పంట తీసేసి గుంటలు ఎండగట్టాక ఇంటికి తెచ్చుకున్నారు. తెచ్చి డాబా మీద రేకుల కింద గొలుసు వేసి కట్టేశారు. రోహిణి కార్తెలో మన నెల్లూరు డాబా ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? జర్మనీలో పశువుల్ని తోలడానికి, బండ్లు లాగడానికి పెంచిన జాతి అది. దాన్ని గుంట గట్ల మీద రాత్రిళ్లు తిరగడానికి అలవాటు చేసి, ఆ తర్వాత మూడు వారాలు ఆరడుగుల గొలుసుకి కడితే, కిందికి దించిన రోజు ఎవరో ఒకరి కాలు పట్టుకోవడంలో నాకు ఆశ్చర్యం కనిపించలేదు.

కరిచాక అయిదు నిమిషాల్లో జరిగింది కూడా రాస్తాను, ఎందుకంటే మనలో సగం మందిమి అదే చేస్తాం. ఒకావిడ గుప్పెడు కాఫీ పొడి తెచ్చి గాయంలో నొక్కింది. ఇంకొకరు కారం తెమ్మన్నారు. ఆరో వీధిలో ఉంటున్న రిటైర్డ్ నర్సమ్మ గనక అటు రాకపోతే అదీ అయ్యేది. ఆమె ఆ కాఫీ పొడి అంతా కడిగించి, కాలుని కుళాయి కింద పెట్టించి, బట్టల సబ్బుతో పదిహేను నిమిషాలు వాచీ చూసుకుంటూ కడిగింది. పిల్లవాడు ఏడుస్తున్నా వదల్లేదు. కారం, సున్నం, పసుపు, ఆకు పసరు ఏదీ పెట్టకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, నీళ్లూ సబ్బూ చాలు అని ఆమె అప్పుడే అక్కడే పదిమందికి చెప్పింది. రేబిస్ క్రిమి గాయం దగ్గరి నరాల్లోంచి మెదడు దాకా పాకుతుందట. గాయంలో ఉండగానే ఎంత కడిగేస్తే అంత మేలు. లక్షణాలు బయటపడ్డాక ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

రక్తం వచ్చిన గాటు కాబట్టి మూడో రకం, అంటే అన్నిటికంటే తీవ్రమైన గాయం కింద లెక్క. ప్రభుత్వ ఆసుపత్రిలో గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసే లోపు రేబిస్ క్రిమిని అడ్డుకునే మందు) వేశారు, రెండు భుజాలకీ చర్మంలోకి టీకా మొదలుపెట్టారు. ఆ తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అనే భయం ఇంకా ఉంది మన జనంలో, అవి పోయి చాలా కాలమైంది. టీకా కార్డు గురించి అడిగితే యజమాని ఇంట్లో వెతికి, చిన్నప్పుడు వేయించినట్టు గుర్తు అన్నారు. గుర్తు అంటే టీకా కాదు కదా. అందుకే కుక్కను పది రోజులు విడిగా పెట్టి చూడమన్నారు. కరిచే నాటికి దానికి రేబిస్ ఉంటే ఆ పది రోజుల్లోనే జబ్బు బయటపడుతుంది, చచ్చిపోతుంది. ఈ కుక్క మాత్రం పది రోజులూ బాగానే ఉంది. కానీ ఆ పది రోజులూ చూసి తర్వాత టీకా వేయిద్దామనుకోకూడదు, టీకా మొదటి రోజే మొదలవ్వాలి.

ఖర్చులు, ఇస్త్రీ బండి ఆమెకి పోయిన నాలుగు రోజుల కూలీ యజమానే ఇచ్చారు. సంఘం తరఫున పోలీసు ఫిర్యాదు కాగితం రాసి తీసుకెళితే ఆమె సంతకం పెట్టలేదు. "ఆ వీధి బట్టలతోనే కదయ్యా నా బండి నడిచేది" అన్నది. ఆ మాటకి మా దగ్గర జవాబు లేదు. రాజీ అయిందని రిజిస్టర్‌లో రాసుకున్నాం గానీ, అది సమానమైన ఇద్దరి మధ్య రాజీ అని నేను మాత్రం అనలేను.

చట్టంలో ఏముందో సభ్యులకి తెలియాలి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. దాని 291వ సెక్షన్ ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ తీవ్రమైన గాయానికి గానీ ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత ఐపీసీ 289లో ఈ జరిమానా 1,000 మాత్రమే. ఆ సెక్షన్‌లో రాట్‌వీలర్ అని గానీ పొమరేనియన్ అని గానీ ఉండదు. గేటు గడియ ఉందా, గొలుసు ఎవరి చేతిలో ఉంది, జాగ్రత్త తీసుకున్నారా లేదా, ఇవే అడుగుతుంది. "కుక్క ఉన్నది జాగ్రత్త" బోర్డు పెట్టాం కదా అంటారు కొందరు. ఆ బోర్డుని వైరు ముక్కతో కట్టిన గేటుకే తగిలించి ఉంటే అది ఎవర్ని కాపాడినట్టు?

ఇప్పుడు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆవేశంలో జులై మొదటి సమావేశంలో ఒక తీర్మానం చేశాం: కాలనీలో రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటివి ఉంచకూడదు, నెల రోజుల్లో పంపేయాలి అని. రాసింది నేనే, చేతులు ఎత్తింది అందరూ. నాలుగో వీధి లాయరు గారు ఆ రోజు ఊళ్లో లేరు. వచ్చాక తీర్మానం చదివి నవ్వారు. కుక్కల్ని పెంచుకోవద్దని సంఘాలు నిషేధం పెట్టలేవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చిందట. సరే, కేంద్రమే 23 జాతులు నిషేధించింది కదా అని నేనన్నాను. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకి లేఖ రాసిన మాట నిజమే. ఆ 23 జాతుల దిగుమతి, పెంపకం, అమ్మకాలకి అనుమతులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని అందులో ఉంది. రాట్‌వీలర్ కూడా ఆ జాబితాలోదే. కానీ నెల తిరక్కుండానే ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. సంబంధం ఉన్నవాళ్లని ఎవర్నీ అడక్కుండా చేశారన్నది అభ్యంతరం. మనం చేసిందీ అదే కదా అన్నారు లాయరు గారు. ఆగస్టులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నాం.

దాని బదులు చేసింది చిన్నదే, కానీ జరిగింది. ఇల్లిల్లూ తిరిగి పెంపుడు కుక్కల రిజిస్టర్ రాశాం, 23 తేలాయి. తిరుగుతుంటే ఒక సంగతి గమనించాను. మన వీధుల్లో కుక్కని కుక్క అనరు, "మావాడు" అంటారు. "మావాడు ఏమీ చెయ్యడు సార్" అనే మాట 23 ఇళ్లలో ఇరవై ఇళ్లలోనన్నా విని ఉంటాను. అందులో మూడు చోట్ల మావాడు గొలుసు తెంపుకునేంత పని చేస్తూనే ఉన్నాడు.

జులై 6న జూనోసిస్ డే, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి చెప్పే రోజు. 1885లో అదే రోజు పాశ్చర్ తొలిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేయించారు. ఏటా ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకి టీకా ఉచితం. ఈసారి ఆదివారం పడటం కలిసొచ్చి మన కాలనీ నుంచి ఆటోల్లో, బైకుల మీద పదిహేను దాకా వెళ్లాయి. ముందు ఒకరు నడుపుతుంటే, వెనక దుప్పట్లో చుట్టిన లాబ్రడార్‌ని ఒళ్లో పెట్టుకుని ఒకాయన కూర్చున్న ఫొటో మన గ్రూపులో చూసే ఉంటారు. మిగతా వాళ్లు తర్వాత వేయించారు, ఇద్దరు ఇంకా వేయించలేదు.

గొలుసు విషయంలో మేం కోరింది ఒక్కటే: కుక్కని ఆపగల బలం ఉన్నవాళ్లే దాన్ని తిప్పాలి. ఆరో తరగతి పిల్లకి లాబ్రడార్‌ని అప్పజెబితే అదే ఆ పిల్లని తిప్పుతుంది. ఒకసారి కరిచిన కుక్కకి బయటికి తెచ్చేటప్పుడు మజిల్ వెయ్యమని అడిగాం. మన ఊళ్లల్లో కుప్ప నూర్చేటప్పుడు ఎడ్ల మూతికి కట్టే చిక్కం లాంటిదే అది, అవమానమేం కాదు. మజిల్ తప్పనిసరి అనే అధికారం మనకి లేదు, అందుకే అడిగాం. అలాంటి కుక్కలున్న ముగ్గురూ సంతకం పెట్టారు. కుక్క వీధిలో మలం వేస్తే ఎత్తమని కూడా అడిగాం. దాని ఫలితం మీరే చూస్తున్నారు.

కట్టేసి ఉంచడం గురించి ఒక మాట. కుక్కను ఎప్పుడూ కట్టేసో గదిలో పెట్టేసో తిప్పకుండా వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అరవై అయిదేళ్లుగా అదే రేటు. ఇప్పుడు ఆ పది రూపాయలకి రెండు టీలు కూడా రావు.

వీధి కుక్కల విషయంలో సభ్యుల కోపం నాకు తెలుసు. వానలకి అవి కారు పోర్టికోల్లోకి దూరినప్పుడు నాకొచ్చిన ఫోన్లన్నీ గుర్తున్నాయి. వాటిని బండిలో ఎక్కించి పెన్న అవతల వదిలేయండి అన్నవాళ్లున్నారు. ఒకాయన విషం ముద్దల మాట కూడా ఎత్తారు. జంతువుని విషం పెట్టి చంపితే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు ఉంది. ఆ మాట సమావేశంలో చదివి వినిపించాక మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అవతల వదలడమూ కుదరదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, పట్టుకున్న కుక్కకి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఒకచోట ఉన్నవాటిని తీసేస్తే ఆ తిండి కోసం కొత్తవి వస్తాయి, వాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు. సుప్రీంకోర్టు కూడా ఆగస్టు 22న ఇదే చెప్పింది. రేబిస్ ఉన్నవాటిని, మీదపడే వాటిని మాత్రం తిరిగి వదలొద్దన్నది. రోడ్ల మీద తిండి పెట్టొద్దని, దానికి వేరే చోటు ఉండాలని కూడా అన్నది. నవంబరు 7న ఇంకో ఆదేశం వచ్చింది: బళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, ఆట మైదానాల దగ్గర పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలకూడదు, షెల్టరుకి పంపాలి. మన వెనక వీధిలో బడి ఉంది కాబట్టి ఆ గోడ పక్కన తిరిగే నాలుగింటి గురించి కార్పొరేషన్‌కి అర్జీ పెట్టాం.

తిండి పెట్టే చోటు చూపించడం 2023 నిబంధనల్లో కాలనీ సంఘాల పనే అని రాసి ఉంది. అది నాకు ఈ ఏడే తెలిసింది. అప్పటిదాకా గుడి ఆర్చీ దగ్గర పెట్టేవాళ్లు, బడికెళ్లే పిల్లలు అటే నడిచేవాళ్లు. ఇప్పుడు వాటర్ ట్యాంకు వెనక, రాత్రి 9 దాటాక. పెట్టే ముగ్గురు ఆడవాళ్లతో సభ్యులు గొడవ పడొద్దు. వాళ్లు అన్నం పెట్టి మచ్చిక చేసుకోబట్టే కార్పొరేషన్ కుక్కల బండి వచ్చినప్పుడు వల వేసే పని లేకుండా తొమ్మిది కుక్కల్ని పట్టి ఇవ్వగలిగాం. ఆపరేషన్ అయినవాటికి చెవి కొస కత్తిరించి ఉంటుంది, చూస్తే తెలుస్తుంది. ట్యాంకు దగ్గరి తల్లి కుక్క మాత్రం చిక్కలేదు. పిల్లలు దానికి చుక్క అని పేరు పెట్టారు. ఈ కార్తీక మాసంలో మళ్లీ అయిదు పిల్లల్ని పెట్టింది.

ఇక మూడో వీధి రాట్‌వీలర్ సంగతి. ఆగస్టులో గుంటలకి మళ్లీ నీళ్లు పెట్టగానే యజమాని దాన్ని అక్కడికే పంపేశారు. కాలనీ ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఆ గట్ల మీద మేత వేసే కూలీలు నడుస్తారు, వాళ్ల పిల్లలు తిరుగుతారు. అక్కడ సంఘమూ లేదు, రిజిస్టరూ లేదు, కుళాయి దగ్గర నిలబెట్టి కడిగించే నర్సమ్మా లేదు. టీకా వేయించిన కార్డు చూపించమని, రాత్రి తప్ప వదలొద్దని, గుంట దగ్గర గేటు పెట్టమని ఆయనకి ఉత్తరం రాశాను. కార్డు జిరాక్స్ పంపారు. గేటు గురించి జవాబు రాలేదు, పొంగలి పండగ తర్వాత స్వయంగా వెళ్లి చూసొస్తాను.

కార్పొరేషన్‌లో పెంపుడు కుక్కల లైసెన్సు తీసుకోనివాళ్లు తీసుకోండి. టీకా ఇంకా వేయించని ఇద్దరూ వేయించి, కార్డు జిరాక్స్ రాత్రి ఎనిమిది తర్వాత మా ఇంటికి తెచ్చి ఇవ్వండి. గేటు తీసే ఉంటుంది, మా ఇంట్లో కుక్క లేదు.

ఇట్లు
కార్యదర్శి