శీనుకి, ఎముకల సంగతి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివాక ప్రాణం లేచొచ్చింది. స్టెరాయిడ్ మొదలుపెట్టాక విరేచనాలు తగ్గాయనీ, అన్నం సయిస్తోందనీ రాశావు. అంతకంటే ఏం కావాలి! టీబీ అనుకుని నెలల తరబడి ఆ మందులు మింగి, చివరికి క్రోన్స్ అని, అంటే పేగులో వాపు తెచ్చే మొండి జబ్బని తేలేసరికి ఎంత చిక్కిపోయావో నాకు తెలుసు. చిన్నపేగు చివర ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోల్చుకోవడం డాక్టర్లకే కష్టం.

అయితే ఒరేయ్, ఎముకల మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కడుపు గొడవలో పడితే ఎవరికీ అది గుర్తుకు రాదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

పేగులో వాపు ఉన్నన్నాళ్లూ ఒంట్లో పుట్టే రసాయనాలు ఎముకను తినేసే కణాలను రెచ్చగొడతాయి. దానికి తోడు నువ్వు వేసుకుంటున్న స్టెరాయిడ్, ప్రెడ్నిసోలోన్. అది వేసుకుంటే పేగు కాల్షియం సరిగా పీల్చుకోదు, కొత్త ఎముక పుట్టడమూ మందగిస్తుంది. ఎముక వేగంగా తరిగిపోయేది మొదటి ఆరు నెలల్లోనే, అంటే నువ్విప్పుడున్న రోజుల్లోనే. అలాగని భయపడి మాత్ర ఒక్కసారిగా ఆపేయకు, అది ఇంకా ప్రమాదం. డాక్టరు చెప్పిన లెక్కలోనే తగ్గించుకుంటూ రావాలి.

ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ అంటే టెన్షన్ వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ల కింద పెద్ద స్పాంజి దిమ్మె పెడతారు. యంత్రం చెయ్యి నడుము మీదుగా మెల్లగా జరుగుతుంది, అంతే, సూది కూడా ఉండదు. మనకింకా 50 దాటలేదు కాబట్టి రిపోర్టులో జెడ్ స్కోరు, అంటే మన వయసువాళ్లతో పోల్చి చెప్పే అంకె చూడమను. అది మైనస్ 2 గానీ, అంతకంటే కింద గానీ ఉంటే వయసుకి తగ్గ గట్టిదనం లేనట్టు.

రక్తపరీక్షలో విటమిన్ డి మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాస్తారు. మామూలుగా అది వారానికి ఒక్కటే. రోజూ వేసుకునేవాళ్లున్నారు, అలా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికొస్తుంది. కొవ్వులో కరిగే విటమిన్ కదా, నెయ్యో నూనో పడ్డ భోజనం అయ్యాక వేసుకో.

బి12 పీల్చుకునేది చిన్నపేగు చివరే. నాకు ఆపరేషన్‌లో ఆ ముక్క తీసేశారు కాబట్టి ఇంజెక్షన్లే దిక్కు. నీకూ జబ్బున్నది అక్కడే, అరికాళ్లలో తిమ్మిర్లుంటే వెంటనే చెప్పు. బి12 చూడకుండా ఒట్టి ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

పిన్ని పాలూ పెరుగూ మాన్పించిందన్నావు. పడకపోతే సరే. పడుతుంటే మాత్రం ఎందుకు మానాలిరా? రోజుకి 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ఎక్కణ్ణుంచి వస్తుంది? కనీసం పెరుగన్నా వెయ్యమను. 100 గ్రాముల రాగిపిండిలో 300 పైనే ఉంటుంది, మెత్తగా జల్లించి జావ కాచమను. పేగు సన్నబడిందని చెప్పి ఉంటే పీచు సంగతి డాక్టర్ని అడిగాకే.

వచ్చే విజిట్‌లో డెక్సా, విటమిన్ డి, బి12, ఈ మూడు పరీక్షలూ రాయమని నువ్వే నోరు తెరిచి అడుగు. రిపోర్టులు రాగానే వాట్సాప్‌లో పెట్టు, చూస్తూ ఉంటాను.

నీ
రవి