2024–25 వార్షిక నివేదిక: పాత భవనాలు, కొత్త ప్లాన్లు

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన పాత కట్టడాల పరిరక్షణ సంఘం చేసిన పనిని సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. హైదరాబాద్‌లో మనల్ని చాలామంది "కూల్చొద్దనేవాళ్లు" అంటారు. ఆ పేరు సగమే నిజం. ఈ ఏడాది మన సమీక్ష కమిటీ ముందుకొచ్చిన ప్రతిపాదనలు చూస్తే, జేసీబీ వల్ల పోయే భవనాలకన్నా ఖాళీ చేసి తాళం వేయడం వల్ల, బాగు చేసుకునే దారి దొరక్క పోయేవే ఎక్కువగా కనిపించాయి. అందుకే ఈ నివేదికలో కోర్టు సంగతులు తక్కువ. పైకప్పులు, తూములు, అద్దెలు, వారసుల తగువులు ఎక్కువ. ఓపిక లేనివాళ్లు నేరుగా జమాఖర్చుల దగ్గరికి వెళ్లిపోవచ్చు, ఏమీ అనుకోను.

కొత్త సభ్యుల కోసం, నిబంధనల గురించి

"హెరిటేజ్ లిస్టులో ఉన్న భవనాన్ని ఎలా కూలుస్తారండీ?" అని కొత్తగా చేరినవాళ్లు అడగని నెల లేదు. సంగతి ఇదీ. హుడా (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లో పాత కట్టడాలను కాపాడే 13వ నిబంధన 1995లో వచ్చింది. బొంబాయి ఆ పని చేసిన ఏడాదే మన నగరమూ చేసింది. 1998లో భవనాల జాబితా ప్రకటించారు. తర్వాత మరికొన్ని భవనాలూ, రాతి గుట్టలూ చేరాయి. జాబితాలోని కట్టడం జోలికి వెళ్లాలంటే హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీ మాట వినాల్సి వచ్చేది. 2015 డిసెంబర్‌లో ప్రభుత్వం ఆ నిబంధననే ఎత్తేసింది. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం తెచ్చింది.

ఈ రెండింటి మధ్య సందులోనే ఇర్రంమంజిల్ చిక్కుకుంది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఆ ప్యాలెస్‌ను తీసేసి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. పాత నిబంధన ఇప్పుడు లేదు, కొత్త చట్టం పట్టికలో ఈ భవనం పేరు లేదు, కాబట్టి దీనికి రక్షణే లేదు అన్నది ప్రభుత్వ వాదన. హైకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. 2019 సెప్టెంబర్ 16న మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. మనం ఏ అభ్యంతర పత్రం రాసినా ఈ తీర్పు ప్రస్తావన ఉండాలని కమిటీ తీర్మానించింది. నమూనా పత్రం తయారుగా ఉంది, అడిగి తీసుకోండి.

అయితే తీర్పు కూల్చివేతను ఆపింది గానీ కప్పు కురవడాన్ని ఆపలేదు. ఇర్రంమంజిల్ ముందునుంచి వెళ్లేవాళ్లు ఒకసారి తలెత్తి చూస్తే చాలు. ఆ పక్క మెట్రో స్టేషన్‌కు దాని పేరే పెట్టారు, పేరుకు మాత్రం లోటు లేదు. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌కు ఆ పాటి అదృష్టం కూడా లేకపోయింది. 2020 జులైలో పాత సచివాలయంతో పాటే పోయింది.

మూసీ ఒడ్డున రెండు పెద్ద భవనాలు

ఈ ఏడాది కమిటీ ఎక్కువ సమయం పెట్టింది వీటి మీదే. ఎదురెదురు ఒడ్డుల మీదున్న హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి రెండూ ఖాళీ అయ్యే దారిలో ఉన్నాయి.

కొత్త హైకోర్టుకు రాజేంద్రనగర్ దగ్గర 100 ఎకరాల్లో 2024 మార్చి 27న శంకుస్థాపన జరిగింది. కొత్త ఉస్మానియా ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరి 31న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రెండు నిర్ణయాలనూ సంఘం వ్యతిరేకించలేదు. దీని మీద కమిటీలో గట్టి వాదనే జరిగింది. ఇద్దరు పెద్దలు అలిగి టీ కూడా తాగకుండా వెళ్లారు. చివరికి ఎక్కువమంది ఒప్పుకున్న మాట ఇది: వరండాల్లో రోగులను పడుకోబెట్టి భవనాన్ని కాపాడమనే హక్కు మనకు లేదు. 2015లో పాత ఆసుపత్రి భవనాన్ని కూల్చి అక్కడే టవర్లు కడతామన్నప్పుడు మనం వద్దన్నాం, అది సరైన పనే. 2020 జులైలో వానకు వార్డుల్లోకి మురుగునీరు వచ్చినప్పుడు మాత్రం మన దగ్గర జవాబు లేదు. కాలువలు పూడుకుపోవడం భవనం తప్పు కాదు అని రాశాం. మోకాటి లోతు నీళ్లలో మంచం మీదున్న మనిషికి ఆ తేడా ఎందుకు?

నిజానికి ఈ రెండు భవనాలూ ఒకప్పటి రీడెవలప్‌మెంట్ ఫలమే. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక నగరాన్ని తిరగేసి కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది, ఇరుకు బస్తీలు తీసేశారు, రోడ్లు వెడల్పు చేశారు. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ గీసిన నమూనాలతో 1920లో హైకోర్టు, ఆ వెంటనే సిటీ కాలేజీ, 1925 నాటికి ఆసుపత్రి లేచాయి. అప్పుడు మన సంఘం ఉండి ఉంటే వీటికీ అభ్యంతర పత్రం పెట్టేదేమో. కాబట్టి కొత్తగా కడతామన్న ప్రతివారినీ దోషిని చేసి మాట్లాడొద్దని వక్తలకు మనవి.

రెండు భవనాల విషయంలో ప్రభుత్వానికి పంపిన వినతిలో మూడు మాటలు రాశాం. తర్వాత ఏ పనికి వాడతారో తేల్చకుండా చివరి మనిషిని బయటికి పంపొద్దు. సామాను తరలించే ముందే గదిగదికీ కొలతలు, ఫోటోలు తీసి పెట్టాలి. ఖాళీగా ఉన్నన్నాళ్లూ కప్పు మీద తూములు తీసే మనిషికి, కాపలా మనిషికి బడ్జెట్‌లో విడిగా డబ్బు చూపించాలి. మూడోదాన్ని చూసి ఒక అధికారి నవ్వారట. నవ్వితే నవ్వారు. రావి మొక్క మొలవడానికి ఒక్క వానాకాలం చాలు, దాని వేరు గోడను చీల్చాక లక్షలు పోసినా పాత గోడ రాదు. ఆసుపత్రి పాత భవనంలో ఓపీ సేవలో నర్సింగ్ శిక్షణో ఉంచమనీ, హైకోర్టు భవనంలో నగరంలోని ఇతర కోర్టులు కొన్నిటినైనా నడపమనీ సూచించాం. మ్యూజియం అనే మాట కావాలనే రాయలేదు. ప్రతి పాత భవనాన్నీ మ్యూజియం చేస్తే లోపల పెట్టడానికి వస్తువులు చాలవు, చూడటానికి మనుషులూ చాలరు.

మూసీ సుందరీకరణ పటాల్లో 1578 నాటి పురానాపూల్‌తో సహా రెండు ఒడ్డుల మీది పాత కట్టడాలన్నీ గుర్తించి చూపాలని కూడా కోరాం. ఇంకా జవాబు రాలేదు.

పాతబస్తీ మెట్రో

ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల దారి. పురానీ హవేలీ, మీర్ మోమిన్ దాయిరా, శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా వెళ్తుంది. రోడ్డు వెడల్పులో ఆస్తులు పోయేవారికి గజానికి 81,000 రూపాయల పరిహారం ఖరారై, జనవరిలో చెక్కుల పంపిణీ, కూల్చివేతలు మొదలయ్యాయి. మెట్రో వద్దని మనం అనలేదు. అలైన్‌మెంట్ పటం మీద మన దగ్గరున్న పాత జాబితాను పరిచి, ఎక్కడెక్కడ ఆషుర్‌ఖానా (మొహర్రం పీర్లను నిలిపే చోటు) గోడ, దేవిడీ (నవాబుల నాటి భవంతి) కమాను, పాత మల్గీల (వీధివైపు దుకాణాల) వరస తగులుతాయో గుర్తులు పెట్టి పంపాం. మతపరమైన, చారిత్రక కట్టడాలను స్తంభాల స్థానాలు జరిపి తప్పిస్తామని మెట్రో అధికారులు బహిరంగంగానే చెబుతున్నారు. జాబితాకెక్కిన వాటి విషయంలో నమ్ముదాం. భయమంతా ఏ జాబితాలోనూ లేని ఇళ్ల గురించే. ముందు సగం రోడ్డుకు పోతే మిగిలిన సగం ఇల్లు నిలవదు, నిలిచినా ఎవరూ ఉండరు. పరిహారం తీసుకున్న కొందరిని కలిశాం. వాళ్ల బాధ కమానుల గురించి కాదు, మల్గీలో నలభై ఏళ్లుగా వ్యాపారం చేసుకుంటున్న కిరాయిదారుకు ఏమి ఇస్తారన్నదాని గురించి. మన పత్రంలో ఆ ఊసే లేదు. వచ్చే ఏడాది నుంచి ఉండాలి.

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పాత ముఖభాగం ఫిబ్రవరిలో పోయింది. దాని గురించి రాయడానికి ఇంకేమీ లేదు.

ఇళ్ల ప్రతిపాదనలు

పేపర్లలో రానివి ఇవి, మన సభ్యుల చెప్పులు అరిగింది వీటికే. ఉదాహరణగా సుల్తాన్ బజార్ వైపు ఒక ఇంటి సంగతి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ముందు మల్గీలు, వెనక దాలాన్ (స్తంభాల వసారా), మధ్యలో బావి ఉన్న అంగణం. తాతల నాటి ఆస్తి, వారసులు చాలామంది, కొందరు అమెరికాలో. బిల్డర్‌తో డెవలప్‌మెంట్ ఒప్పందం దాదాపు అయిపోయింది. ఇల్లు శిథిలమైందని ఇంజనీర్ సర్టిఫికెట్ జతచేసి కూల్చివేతకు సిద్ధమయ్యారు. అందరికన్నా చిన్న వారసురాలు ఒకామె మన దగ్గరికొచ్చి, "మా అమ్మ ఇంకా ఆ ఇంట్లోనే వంట చేసుకుంటోందండీ, అంత ప్రమాదమైతే మమ్మల్నెవరూ ఎందుకు ఖాళీ చేయమనలేదు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు సర్టిఫికెట్‌లో జవాబు లేదు.

మన ఇంజనీర్ సభ్యులు, ఒక పాత మేస్త్రీ కలిసి వెళ్లి చూశారు. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గోడలు రెండడుగుల మందం, గట్టిగానే ఉన్నాయి. కప్పు మీద తూము పూడుకుపోయి, ఏళ్ల తరబడి నీళ్లు ఒక మూలకే దిగాయి. ఆ తడిని దాచడానికి ఎవరో లోపలి గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. సున్నపు గోడ గాలి పీల్చి తడిని వదులుకుంటుంది, సిమెంటు పూస్తే ఆ తడి లోపలే ఉండిపోయి ఉప్పు పొంగి గోడను పొరలు పొరలుగా రాలుస్తుంది. సర్టిఫికెట్‌లోని ఫోటోలన్నీ ఆ ఒక్క మూలవే. వెనక వంటగది కప్పు మాత్రం నిజంగానే ప్రమాదం, ఇనుప గర్డర్లు తుప్పు పట్టి ఉబ్బాయి. అది దించాల్సిందేనని మనవాళ్లే రాసిచ్చారు.

ముందు భాగం, మల్గీలు ఉంచి వెనక ఖాళీ స్థలంలో కట్టుకునేలా ఒక ప్లాన్ గీసి చూపించాం. బిల్డర్ మర్యాదగానే విన్నారు. సెట్‌బ్యాక్‌ల కింద చుట్టూ వదలాల్సిన ఖాళీ పోతే ఫ్లాట్లు తగ్గుతాయని లెక్క చూపించారు, ఆ లెక్క తప్పు కాదు. వారసుల్లో సగంమంది మన ప్లాన్ వైపు, సగంమంది డబ్బు వైపు. ఈ నివేదిక రాసేనాటికి ఏమీ తేలలేదు, ఇల్లు నిలబడే ఉంది.

ఇలాంటి ఇళ్ల పరిశీలనలో మళ్లీ మళ్లీ ఎదురైన చిక్కులు రెండు. కూల్చి కట్టడానికి ఆన్‌లైన్‌లో గడువుపెట్టి అనుమతి ఇచ్చే విధానం ఉంది, బిల్డర్ ఉన్నాడు, బ్యాంకు ఉంది. బాగు చేసుకోవడానికి ఇవేవీ లేవు. పంపకాలు కాని ఉమ్మడి ఇంటికి మరమ్మతు అప్పు దొరకదు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికితే కూలీ మామూలు మేస్త్రీకన్నా ఎక్కువ. చార్మినార్ చుట్టుపక్కల ఉన్నవాళ్ల కష్టం వేరు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. తమ ఇంటి కప్పు మరమ్మతుకు కూడా నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ అనుమతి కావాలని తెలియక అక్కడివాళ్లు ముందు పని మొదలుపెడతారు, తర్వాత నోటీసు వస్తుంది. అలాంటివారికి దరఖాస్తులు నింపిపెట్టే పనిని ఈ ఏడాది మొదలుపెట్టాం. ఆదివారాలు కార్యాలయంలో మన రిటైర్డ్ సభ్యులు కూర్చుంటున్నారు. సంఘం చేస్తున్న పనులన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే, దీనికి సభ్యుల నుంచి అతి తక్కువ చప్పట్లు వచ్చాయి.

వానాకాలం ముందు నగరపాలక సంస్థ శిథిల భవనాలకు ఇచ్చే నోటీసుల సంగతి కూడా చూడాలి. జీహెచ్ఎంసీ చట్టం 456వ సెక్షన్ కింద, కూలేలా ఉన్న కట్టడాన్ని తొలగించమనడమే కాదు, బాగు చేయమని చెప్పే వీలు కూడా ఉంది. నోటీసు రాగానే జనం మొదటి భాగం మాత్రమే చదువుతున్నారు. కొందరు యజమానులు ఆ నోటీసు కోసమే ఎదురుచూస్తున్నారన్న అనుమానం మాకుంది, నిరూపించలేం.

శిక్షణ, జమాఖర్చులు

సున్నం పని మీద ఒక శిక్షణ శిబిరం పెట్టాం. సున్నం మగ్గబెట్టడం, కరక్కాయ, బెల్లం నీళ్లు కలపడం, నూరడం అన్నీ మేస్త్రీలే చేసి చూపించారు. ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఎక్కువగా వచ్చారు, ఇళ్ల యజమానులు తక్కువ. ఈసారి శిబిరాన్ని హాల్లో కాకుండా బాగు చేస్తున్న ఇంటి దగ్గరే పెడతాం.

ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక సమావేశంలో పంచుతాం. చందా బకాయిలు ఎక్కువగా ఉన్నాయి, ఎవరివో ఇక్కడ రాయడం లేదు.

వచ్చే ఏడాదికి

టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకోవడానికి వాడుకునే, లేదా అమ్ముకునే నిర్మాణ హక్కు) ఇప్పుడు ప్రధానంగా రోడ్డుకు స్థలం వదిలినవాళ్ల చేతికే వస్తోంది. పాత భవనాన్ని నిలబెట్టుకున్న యజమానికి కూడా అంతే తేలిగ్గా అందేలా చూడమని ప్రభుత్వానికి పంపే ముసాయిదా సమావేశం ముందుకు వస్తుంది. అభ్యంతర పత్రాల్లో కిరాయిదారుల గురించి ఒక పేరా తప్పనిసరి చేసే తీర్మానం కూడా ఉంటుంది. సమీక్ష కమిటీలో రెండు ఖాళీలున్నాయి. ప్లాన్లు చదవడం వచ్చినవాళ్లు, లేదా ఉర్దూలో ఉన్న పాత దస్తావేజులు చదవగలిగినవాళ్లు పేర్లు ఇవ్వండి. రెండోవాళ్ల అవసరం ఎక్కువ.

— కార్యదర్శి