కంపోస్టబుల్ డబ్బాలు కొన్నారు సరే, కంపోస్టు ఎక్కడ?

సంపాదకులకు,

హోటళ్లు, క్యాటరింగ్ వాళ్లు ప్లాస్టిక్ మానేసి చెరకు పిప్పి డబ్బాలకు, మొక్కజొన్న పిండి సంచులకు మారుతున్నారని వార్తలు వస్తున్నాయి. మంచిదే. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషిద్ధమయ్యాక వాళ్లకు వేరే దారి వెతుక్కోక తప్పలేదు. కానీ తిన్నాక ఆ డబ్బా ఎటు పోతోందో ఏ వార్తలోనూ ఉండటం లేదు. హోటళ్ల తడి చెత్తను ఎరువు చేసే పనిలో ఉన్నవాళ్లుగా మేం చెప్పదలచింది ఒకటే. వాడి పారేసిన డబ్బా మళ్లీ వడ్డించినవాళ్ల చేతికే వచ్చే చోట తప్ప, కంపోస్టబుల్ సరుకు మీద పెట్టే అదనపు డబ్బు దండగ.

ఎందుకో చెబుతాం. ప్లాస్టిక్ సరుకు మీద ‘కంపోస్టబుల్’ అని వేయాలంటే అది ఐఎస్/ఐఎస్‌ఓ 17088 ప్రమాణానికి నిలవాలి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. ఆ పరీక్ష జరిగేది దాదాపు 58 డిగ్రీల వేడిలో. 180 రోజుల్లోగా అందులోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద పదో వంతుకు మించి మిగలకూడదు. మొక్కజొన్న నుంచి చేసే పీఎల్‌ఏ అనే పదార్థం 55-60 డిగ్రీలు తాకితే గానీ మెత్తబడదు, త్వరగా విచ్ఛిన్నం కాదు. మేడ మీద కుండీలో అంత వేడి పుట్టదు. మురుగు కాలువలోనో చెరువులోనో పడితే మామూలు ప్లాస్టిక్‌లాగే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అదే పీఎల్‌ఏ గ్లాసులో మరిగే టీ పోస్తే వంగిపోతుంది. సర్టిఫికెట్‌లో మోసమేమీ లేదు, అది చెప్పే వేడి మన కుండీల్లో, కాలువల్లో లేదు, అంతే.

ఇక పార్శిల్ సంగతి. ఇంటికి వెళ్లిన డబ్బాను జనం పొడి చెత్తలో వేస్తారు, కూర అంటుకుని ఉంటే తడి పొడి తేడా లేకుండా ఒకే కవర్లో కట్టేస్తారు. పొడి చెత్త ఏరే చోట దాన్ని ఎవరూ కొనరు, డంపింగ్ యార్డుకు పంపేస్తారు. పీఎల్‌ఏ గ్లాసు పొరపాటున నీళ్ల సీసాల ప్లాస్టిక్‌లో కలిసిందా, ఆ సరుకు కూడా చెడుతుంది. తిరుమలలో 2021లో డీఆర్‌డీఓ పరిజ్ఞానంతో తయారైన లడ్డూ సంచులు పెట్టారు. కొండ మీదే పారేసిన సంచిని ఏరి కంపోస్టుకు పంపడం సాధ్యమే. ప్రసాదంతో పాటు ఊరికి వచ్చిన సంచిని ఎవరు ఏరతారు? కర్రీ పాయింట్లలో వేడి సాంబారు పోసే పల్చటి కవర్లకు బదులు కంపోస్టబుల్ కవర్లు వాడమని చెప్పేవారున్నారు. అంత వేడికి ఆ సంచులు చాలావరకు సాగి కారతాయి. అక్కడ పనికొచ్చేది ఇంటి నుంచి తెచ్చుకునే స్టీలు క్యారియరే. తెచ్చినవాళ్లకు రెండు రూపాయలు తగ్గించి చూడండి.

గేటు లోపలే వడ్డించి, గేటు లోపలే తిని, గేటు లోపలే పారేసే చోట లెక్క వేరు. ఫంక్షన్ హాళ్లు, కంపెనీ క్యాంటీన్లు, హాస్టళ్లు, అన్నదాన సత్రాలు ఈ కోవలోకి వస్తాయి. వీటిలోనూ రోజూ కడిగే మనుషులుంటే స్టీలు కంచాన్ని మించింది లేదు. రెండు వేల మంది పెళ్లి భోజనానికి అది కుదరదు గనక ఆకు వైపే చూడాలి. అరటి ఆకు, కుట్టిన అడ్డాకు, మోదుగ విస్తరి, పోక పట్ట ప్లేటు ఏ కంపోస్టు కుప్పలోనైనా మాగిపోతాయి. అరటి ఆకుల్ని మాత్రం జానెడు ముక్కలుగా నరకాలి, లేకపోతే చాపల్లా ఒకదానిమీదొకటి అతుక్కుని గాలి ఆడనివ్వవు. మిషన్లో అచ్చు వేసిన విస్తరిని తిరగేసి చూడండి. చాలావాటికి అడుగున అట్ట ఉంటుంది, కొన్నింటికి ప్లాస్టిక్ పొర కూడా ఉంటుంది. వెండి రంగు బఫే ప్లేట్లు కంపోస్టుకు పనికిరావు.

పొర ఉందో లేదో తేల్చడానికి ల్యాబ్ అక్కర్లేదు. కాగితం కప్పునో డబ్బానో చింపి రాత్రంతా నీళ్లలో నానబెట్టి పొద్దున నలపండి. కాగితం గుజ్జయిపోయి పల్చటి తొక్క చేతిలో మిగిలితే అది పొరే. అది పాలిథీనో పీఎల్‌ఏనో కంటికి తెలియదు, అక్కడే సర్టిఫికెట్ అడగాలి. చెరకు పిప్పి డబ్బాలు కొనేటప్పుడు ఇంకో మాట కూడా అడగాలి. నూనె పీల్చకుండా కొందరు ఫ్లోరిన్ రసాయనాలు కలుపుతారు. అవి కుప్పలో విచ్ఛిన్నం కావు, ఎరువుతో పాటు నేలలోకి పోతాయి. అమెరికాలో కంపోస్టబుల్ ముద్ర ఇచ్చే బీపీఐ సంస్థ 2020 నుంచి మొత్తం ఫ్లోరిన్ 100 పీపీఎం (కిలోకు 100 మిల్లీగ్రాములు) దాటిన సరుకును ఒప్పుకోవడం లేదు. మనవాళ్లు ఎగుమతి సరుకుకు ఆ పరీక్ష చేయిస్తారు. ఇక్కడి హోటలుకు అమ్మేటప్పుడూ ఆ కాగితం చూపించమనండి.

ఇప్పుడు కుప్ప. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు రోజుకు 100 కిలోలు దాటిన చెత్త వచ్చే చోటును భారీ ఉత్పత్తిదారుగా లెక్కగట్టి, తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చాలన్నాయి. కాబట్టి 100 కిలోల లెక్కే చెబుతాం. సాంబారు, రసం, మజ్జిగ వడగట్టేశాక కూడా అందులో 75 కిలోల దాకా నీరే. కుప్ప వేడెక్కాలంటే తేమ 60 శాతం దాటకూడదు. అంటే ఆ రోజు చెత్తకు 30 కిలోల పొడి సరుకు కలవాలి: ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, రంపపు పొట్టు, వీటిలో ఏదైనా, కలిపైనా. ఊక మన దగ్గర చవకే గానీ అందులో సిలికా ఎక్కువ, త్వరగా మాగదు. గాలి ఆడటానికి కొంత వేసుకోవచ్చు, అంతా అదే వేస్తే ఎరువులో ఊక ఊకలాగే కనిపిస్తుంది. కలిపాక గుప్పెడు తీసి గట్టిగా పిండాలి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు, ధార కడితే ఇంకాస్త పొడి పడాలి.

పొడవు, వెడల్పు, ఎత్తు నాలుగేసి అడుగులుండే అరలు ఎనిమిది కావాలి. గోడలకు సందులుండాలి, ఎలుకలు దూరకుండా అరంగుళం జాలీ కొట్టాలి, అడుగున నీరు కారి పోయే వాలు ఉండాలి. ఒక్కో అర నాలుగు రోజుల్లో నిండుతుంది. ఎనిమిదోది నిండేసరికి మొదటిది 28 రోజులు మాగి ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉంటుంది. మొదటి రోజు పాత ఎరువు పదో వంతు కలిపితే సూక్ష్మజీవులకు వేరే ద్రావణాలు కొననక్కర్లేదు. పైన రెండంగుళాల పాత ఎరువు కప్పితే ఈగలు తగ్గుతాయి. పొడుగు కాడ థర్మామీటరు కుప్ప నడుమకు గుచ్చితే రెండో మూడో రోజుకల్లా 55 డిగ్రీలు చూపాలి. వరుసగా మూడు రోజులైనా ఆ వేడి నిలిస్తే రోగకారక క్రిములు చస్తాయి. 65 దాటితే మేలు చేసే క్రిములూ చస్తాయి, అప్పుడు తిరగేయాలి. ఆకు ప్లేట్లు, పిప్పి డబ్బాలు అరచేయంత ముక్కలుగా చించి, తడిపి వేయాలి. ఒకదాంట్లో ఒకటి ఇరికిన డబ్బాలు నెల తర్వాత కూడా మధ్యలో పొడిగా, తెల్లగా బయటపడతాయి.

చెడిపోయేది దాదాపు ఎప్పుడూ మిగిలిన అన్నం దగ్గరే. అన్నం, ఉప్మా, ఇడ్లీ ముద్దకట్టి గాలిని మూసేస్తాయి. కుప్ప పులిసిపోయి, వేడెక్కక, పుల్లటి వాసన కొడుతుంది. సున్నం చల్లితే వాసన అణుగుతుంది గానీ జబ్బు పోదు. ముద్దలు చిదిపి పొడి సరుకు కలిపి తిరగేయడమే మందు. కళ్లు మండే అమోనియా ఘాటు వస్తే మాంసం, పప్పు ఎక్కువై పొడి తక్కువైందని, కుళ్లిన గుడ్డు వాసనైతే అడుగున నీరు నిలిచిందని గ్రహించాలి. అన్నమే ఎక్కువగా మిగిలే చోటుకు బయోగ్యాసే మేలు. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులో కూరగాయల చెత్త నుంచి బయోగ్యాస్ తీసి కరెంటు చేస్తున్నది అక్కడి రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ రూపొందించిన పరిజ్ఞానంతోనే. వాడిన నూనె మాత్రం రెండింటిలోనూ పోయకండి. బయోడీజిల్‌కు కొనేవాళ్లకు ఇచ్చే ఏర్పాటు ఆహార భద్రతా సంస్థ రూకో పథకంలో ఉంది.

ఉప్పు సంగతి చాలామంది పట్టించుకోరు. ఊరగాయ, అప్పడం, చారు అన్నీ ఎరువులోకి ఉప్పు తెస్తాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టుకు విద్యుత్ వాహకత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటకూడదు. హోటలు ఎరువు సులువుగా దాటుతుంది, అందుకే మొదటే వడగట్టమన్నాం. 28 రోజుల తర్వాత ఇంకో నెల నీడన ఆరనిచ్చి, జల్లెడ పట్టి, మూడింతల మట్టితో కలిపి కొన్ని మెంతులు చల్లి చూడండి. మొలవకపోతే అది ఇంకా ఎరువు కాలేదు. జల్లెడ మీద తేలేవి పాల ప్యాకెట్ల కొసలు, ఊరగాయ ప్యాకెట్లు, రబ్బరు బ్యాండ్లు. వాటిని వంటగదిలోనే ఆపడం తేలిక.

‘24 గంటల్లో కంపోస్టు’ అని అమ్మే మిషన్ల గురించి కూడా రాయాలి. వాటిలో చాలావరకు చేసేది చెత్తను వేడి చేసి, ఆరబెట్టి, పొడి చేయడమే. బయటికి వచ్చేది గోధుమ రంగులో పొడిగా ముచ్చటగానే ఉంటుంది. తడి తగిలితే రెండు రోజుల్లో బూజు పట్టి మళ్లీ కంపు కొడుతుంది, మొక్కకు వేస్తే వేళ్లు దెబ్బతింటాయి. బరువు తగ్గించే పరికరంగా కొనుక్కుంటే తప్పులేదు, కానీ ఆ పొడిని కూడా కుప్పలో మాగబెట్టాల్సిందే.

మున్సిపల్ అధికారులకు రెండు విన్నపాలు. తనిఖీకి వచ్చినప్పుడు మిషన్ రసీదు, డబ్బాల బిల్లు చూసి వెళ్లిపోకుండా ఒక థర్మామీటరు తెచ్చి కుప్పలో గుచ్చండి, రోజువారీ వేడి రాసిన పుస్తకం అడగండి. రెండోది, హోటళ్లకు అన్నిటికన్నా కరువైనది పొడి సరుకు. మాఘ, ఫాల్గుణాల్లో పార్కుల్లో, రోడ్ల పక్కన ఊడ్చిన ఆకు గుట్టలుగా తగలబడుతుంటుంది. దాన్ని గోతాల్లో నింపి వార్డుకొక చోట నిల్వ పెట్టి, కుప్పలు నడిపే హోటళ్లకు ఇప్పించండి. ధర పెట్టినా కొంటారు.

– హోటల్ తడి చెత్త కంపోస్టు పనిలో ఉన్న కొందరం,
విజయవాడ